బొమ్మ రాకుండానే ఫిర్యాదు ఎలా ముగిసింది?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను రైల్వేలో, విజయవాడ డివిజన్ సిగ్నల్ విభాగంలో మెయింటెయినర్‌గా 34 ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. వయసు 67. అజిత్‌సింగ్‌నగర్‌లో పైపుల రోడ్డు పక్క వీధిలో ఉంటాం. మా అమ్మకు 88 ఏళ్లు. రెండేళ్ల కిందట స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయితే చేశారు గానీ అప్పటి నుంచీ ఆవిడకు మంచమే లోకం. టీవీలో తెల్లవారుజామున తిరుమల సుప్రభాతం, మధ్యాహ్నం సీరియళ్లు, రాత్రి వార్తలు. కళ్లు సరిగా ఆనకపోయినా గొంతులు గుర్తుపట్టి, ఎవరు ఏమన్నారో నాకు చెబుతుంది.

ఆ టీవీ సెప్టెంబరు 18 నుంచి అక్టోబరు 7 దాకా 19 రోజులు సగం చచ్చి సగం బతికి ఉంది. మెషిన్ అన్నాక పాడవుతుంది, బతుకంతా పాడైన మెషిన్లు బాగుచేసినవాణ్ణి, దానికి నేను ఉత్తరం రాయను. ఆ 19 రోజుల్లో మా డీటీహెచ్ కంపెనీ నాలుగుసార్లు ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని నా ఫోనుకు ఎస్ఎంఎస్ పంపింది. నాలుగుసార్లూ టీవీ బాగుపడలేదు. ఆ నాలుగు ఎస్ఎంఎస్‌ల గురించే ఈ ఉత్తరం.

ముందుగా ఒక చిక్కు చెప్పాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా మీద పడ్డప్పుడు మేం కింది వాటాలో ఉండేవాళ్లం. అమ్మను మంచంతో సహా పైకి ఎక్కించాం గానీ టీవీ, ఫ్రిజ్, బీరువా నీళ్లపాలయ్యాయి. నీళ్లు తీశాక పై వాటాకు మారి, అక్టోబరులో కొత్త టీవీ కొని, అదే కంపెనీ కనెక్షన్ మళ్లీ తీసుకున్నాం. పాత బాక్సు బురదలో పోయింది కాబట్టి కొత్త ఐడీ ఇచ్చారు. ఫోన్ నంబరు మాత్రం నాది ఒక్కటే. దాంతో టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసినప్పుడల్లా ఆ యంత్రం వరదలో పోయిన పాత ఐడీనే పట్టుకుని ‘మీ ఖాతా గడువు ముగిసింది, రీఛార్జి చేసుకోండి’ అని లైను కట్ చేస్తుంది. మనిషితో మాట్లాడాలంటే ఏ నంబరు నొక్కాలో కనుక్కోవడానికి నాకు మొదటిరోజు గంట పైన పట్టింది. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు వరదలో బాక్సులు పోగొట్టుకుని కొత్తవి తెచ్చుకున్నవాళ్లలో ఇంకా ఎంతమందికి ఈ ఇబ్బంది ఉందో.

ఇక అసలు సంగతి. సెప్టెంబరు 17 రాత్రి గట్టి వాన. పొద్దున్నే లేచి చూస్తే కొన్ని ఛానళ్లు బాగానే వస్తున్నాయి, కొన్నింటికి ‘సిగ్నల్ లేదు’ అని వస్తోంది. సినిమాల ఛానళ్లు వస్తున్నాయి. అమ్మకు కావలసిన తిరుమల ఛానల్ రావడం లేదు. నాకు సిగ్నళ్ల గోల కొత్త కాదు కాబట్టి అప్పుడే ఒక అనుమానం వచ్చింది. డిష్ ముందు చాచి ఉండే కడ్డీకి బిగించిన ఎల్ఎన్‌బీకి, అంటే సిగ్నల్ పట్టే చిన్న పరికరానికి, కరెంటు మన ఇంట్లో బాక్సు నుంచే, అదే కేబుల్లో పైకి వెళుతుంది. ఛానళ్లలో ఒక సగానికి 13 వోల్టులు, ఇంకో సగానికి 18 వోల్టులు పంపితే, ఆ వోల్టేజీని బట్టి అది ఏ రకం సిగ్నల్ పట్టాలో తెలుసుకుంటుంది. దారిలో ఎక్కడైనా జాయింటు పాడైతే 18 కాస్తా పైకి చేరేసరికి తగ్గిపోతుంది. అప్పుడు ఎల్ఎన్‌బీ దాన్ని 13 అనుకుంటుంది. సగం ఛానళ్లు మాయమవుతాయి, సగం నిక్షేపంగా వస్తాయి. మా ఇంట్లో జరిగింది అచ్చంగా ఇదే.

అనుమానం తీర్చుకోవడానికి బాక్సు తీసి ఎదురింటికి పట్టుకెళ్లాను. వాళ్లదీ అదే కంపెనీ. వాళ్ల కేబులుకు తగిలిస్తే మా బాక్సులో అన్ని ఛానళ్లూ వచ్చాయి. అంటే బాక్సు బాగుంది, తప్పు పైన ఉంది. పైకెక్కి నేనే చూసుకుందును గానీ, డిష్ మూడో అంతస్తు మీద నీళ్ల ట్యాంకు దిమ్మె పక్కన బిగించారు. నిచ్చెన వేసుకుని ఎక్కాలి. నాకు జులైలోనే కంటి శుక్లం తీశారు. మా అమ్మాయి ఎక్కనివ్వలేదు.

అందుకని ఫోన్ చేసి, ఎత్తిన అమ్మాయికి ఈ సంగతంతా నెమ్మదిగా చెప్పాను. ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. కానీ నేను చెప్పినదంతా విన్నాక ‘సార్, ఒకసారి బాక్సు స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేయండి’ అంది. చేశాను. ‘కేబుల్ తీసి మళ్లీ పెట్టండి’ అంది. పెట్టాను. ‘వాతావరణం వల్ల సార్, వాన తగ్గాక వస్తుంది’ అంది. అప్పటికి వాన వెలిసి ఎండ కాస్తోంది. గట్టి వానకు డిష్ సిగ్నల్ పడిపోవడం నిజమే, అది నాకూ తెలుసు. అయితే అప్పుడు దాదాపు ఛానళ్లన్నీ పోతాయి, వాన వెలియగానే మళ్లీ వస్తాయి. సగం పోయి సగం ఉండవు. ‘ఎల్ఎన్‌బీకి వెళ్లే వోల్టేజీ చూడాలి, నిచ్చెన ఉన్న మనిషిని పంపండి అని ఫిర్యాదులో రాయమ్మా’ అన్నాను. ‘అలా రాసే వీలు లేదు సార్, మాకు నో సిగ్నల్ అని ఒక్కటే ఉంటుంది’ అంది. ఆ అమ్మాయి తప్పేముంది? ఆవిడ ముందున్న స్క్రీను మీద రాసుకునే చోటు లేకపోతే ఏం చేస్తుంది?

ఫిర్యాదు నంబరు ఇచ్చారు. మర్నాడు సాయంత్రం ఎస్ఎంఎస్ వచ్చింది, పరిష్కరించబడిందని. ఎవరూ రాలేదు, ఫోనూ చేయలేదు. ఇది మొదటిది.

20వ తేదీ శనివారం మళ్లీ ఫోన్ చేశాను. ఎత్తినవారు వేరు, కథ మళ్లీ మొదటి నుంచి. మళ్లీ స్విచ్ ఆఫ్, స్విచ్ ఆన్. మళ్లీ కొత్త నంబరు. మొన్నటి ఫిర్యాదు గురించి అడిగితే ‘అది క్లోజ్ అయిపోయింది కదా సార్’ అన్నారు.

ఆదివారం రాత్రి ఏడున్నరకు ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ‘అంకుల్, మీ కంప్లయింట్ నాకు వచ్చింది. నేను నున్న ఊరి దగ్గర ఉన్నాను, ఇవాళ రాలేను. రేపు పొద్దున్నే ఫస్ట్ మీ ఇంటికే వస్తా. మీకు ఓటీపీ వస్తుంది, అది కొంచెం చెప్పండి’ అన్నాడు. ఓటీపీ ఎందుకు బాబూ అంటే, ‘ఎనిమిది లోపు క్లోజ్ కాకపోతే నాకు డబ్బులు కట్ చేస్తారు అంకుల్. పని మాత్రం గ్యారంటీగా చేస్తా’ అని బతిమాలాడు. వెనక బండ్ల చప్పుడు వినిపిస్తోంది. ఆదివారం రాత్రి కూడా రోడ్డు మీదే ఉన్నాడు పాపం అనిపించి చెప్పేశాను. దాంతో రెండో ఎస్ఎంఎస్ వచ్చింది.

మర్నాడు రాలేదు. నేను ఫోన్ చేస్తే, నా ఫిర్యాదు తన ఫోన్లోంచి వెళ్లిపోయిందనీ, అడ్రసు కూడా కనిపించడం లేదనీ, మళ్లీ ఫిర్యాదు పెట్టమనీ అన్నాడు. నన్ను మోసం చేద్దామని అతను అలా చేశాడని నేను అనుకోను. కంపెనీ పని అప్పజెప్పిన ఫ్రాంచైజీలో రోజుకు ఇన్ని కాల్స్ అని జీతమట. సొంత బండి, సొంత పెట్రోలు. సింగ్‌నగర్ నుంచి నున్న దాకా తిరగాలి. గడువు లోపల ‘పూర్తయింది’ అని పడితేనే కాల్‌కు డబ్బు. పని పూర్తికాకపోయినా పూర్తయిందని నొక్కక తప్పని పరిస్థితిలోకి ఆ కుర్రాణ్ణి నెట్టిందెవరు? ఆ లెక్క పెట్టినవాళ్లే.

మీ పాఠకుల్లో పెద్దవాళ్లు ఉంటే ఒక్క మాట చెబుతాను. ఆ నాలుగు అంకెలు మన సంతకం లాంటివి. టీవీలో బొమ్మ వచ్చి, అన్ని ఛానళ్లూ తిప్పి చూసుకున్నాకే చెప్పండి. కుర్రాడు ఎంత మంచివాడైనా సరే. నేను 34 ఏళ్లు ఏ పనికి విలువిచ్చి బతికానో ఆ పనే ఆ రాత్రి మరిచిపోయాను, అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఆ విలువ ఏమిటో కూడా చెబుతాను. రైల్వేలో బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించే పాయింటో, సిగ్నలో పాడైతే స్టేషన్ మాస్టర్ దగ్గర రిజిస్టర్లో పడుతుంది, పాడైన టైముతో సహా. మేం దాని మీద చెయ్యి వేయాలంటే ముందు దాన్ని వాడకంలోంచి తప్పిస్తున్నామని డిస్‌కనెక్షన్ మెమో రాసివ్వాలి, స్టేషన్ మాస్టర్ సంతకం పెట్టాలి. బాగుచేశాక ‘అయిపోయింది’ అని మేం చెబితే చాలదు. పాయింటు నాలుకకూ పట్టాకూ మధ్య 5 మిల్లీమీటర్ల ముక్క పెట్టి చూడాలి. ఆ సందు ఉన్నప్పుడు పాయింటు లాక్ కాకూడదు. అయిందంటే పని కానట్టే. స్టేషన్ మాస్టర్ ప్యానెల్ మీద తిప్పి చూసుకుని, సరిగ్గా ఉందని తృప్తి పడ్డాకే రీకనెక్షన్ మెమో తీసుకుని టైము వేసి సంతకం పెడతాడు. కృష్ణా కెనాల్ స్టేషన్‌లో పనిచేసేటప్పుడు ఒకసారి అర్ధరాత్రి వానలో మూడుసార్లు తిప్పించారు నన్ను. చిరాకు వేసింది, కానీ మారు మాట్లాడలేదు. ఎందుకంటే ఆ పాయింటు మీద బండి నడిపించేది ఆయన, నేను కాదు. పని చేసినవాడు పని ముగిసిందని తనంతట తాను రాసుకునే పద్ధతి అక్కడ లేదు. టీవీకీ రైలుకీ పోలికేమిటని ఎవరైనా అడగవచ్చు. ప్రాణాల మీదికి వచ్చే పని కాదని నాకూ తెలుసు. కానీ మంచం మీద ఉన్న మనిషికి ఉన్న ఒక్క కిటికీ అది.

23న మూడో ఫిర్యాదు పెట్టాను. 25 గురువారం ఇంకో అతను వచ్చాడు. నిచ్చెన లేదు, మీటరు లేదు. రిమోటు తీసుకుని నాలుగు నొక్కులు నొక్కి, ‘బాక్సు పోయింది సార్, కొత్త బాక్సుకు 1,500 కట్టాలి’ అన్నాడు. ఎదురింట్లో పెట్టి చూసిన సంగతి చెప్పాను. ‘రండి, మళ్లీ పెట్టి చూపిస్తా’ అన్నాను. ‘నాకు టైము లేదు సార్, మీకు బాక్సు కావాలా వద్దా?’ అన్నాడు. బాగున్న బాక్సు ఎందుకు మార్చుకోవాలి? వద్దన్నాను. పది నిమిషాల్లో ఎస్ఎంఎస్. ఈసారి పరిష్కరించబడిందన్న మాటతో పాటు కారణం కూడా రాశారు: ‘సర్వీసును కస్టమర్ నిరాకరించారు.’

అయ్యా, నాకు మిగతావాటికంటే ఈ మాటే బాధ కలిగించింది. సర్వీసు కోసం వారం రోజులుగా పడిగాపులు పడుతున్నవాణ్ణి, నేను సర్వీసు నిరాకరించానట. వాళ్ల రికార్డులో నా పేరు మీద అది అలాగే ఉంటుంది. దాన్ని ఎవరు దిద్దుతారు?

కేబుల్, డీటీహెచ్ సేవలకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో నిబంధనలు పెట్టింది. టోల్‌ఫ్రీ నంబరు ఉండాలి, ప్రతి ఫిర్యాదుకూ నంబరు ఇవ్వాలి, అక్కడ న్యాయం జరగకపోతే వినడానికి నోడల్ అధికారి ఉండాలి. ఇవన్నీ ఆ నిబంధనల్లో ఉన్నాయి. మా అమ్మాయి కంపెనీ వెబ్‌సైటులో వెతికి నోడల్ అధికారి ఈమెయిల్ పట్టుకుంది. 26న తేదీలు, మూడు ఫిర్యాదు నంబర్లు, ఎదురింట్లో బాక్సు పెట్టి చూసిన సంగతి, వోల్టేజీ సంగతి అన్నీ వివరంగా రాశాం. 30న జవాబు వచ్చింది: ‘మా టెక్నీషియన్ 25న వచ్చారు. కస్టమర్ నిరాకరించారు. ఫిర్యాదు ముగించడమైనది.’ దాని వెంటనే నాలుగో ఎస్ఎంఎస్. పై అధికారి విచారించాల్సింది కింది రికార్డు నిజమా కాదా అని. ఆ రికార్డునే చదివి మాకు వినిపిస్తే ఇక పై అధికారి దగ్గరికి వెళ్లడం ఎందుకు?

ఈలోగా దసరా వచ్చేసింది. తిరుమలలో బ్రహ్మోత్సవాలు, ఇక్కడ ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి అలంకారాలు. గరుడసేవ రాత్రి అమ్మ పదిసార్లు అడిగింది, ‘ఏరా, బొమ్మ వచ్చిందా?’ అని. మర్నాడు మూలా నక్షత్రం. కాళ్లు బాగున్న రోజుల్లో ఆ రోజున సరస్వతీదేవి అలంకారం చూడ్డానికి తెల్లవారకముందే వినాయకుడి గుడి దగ్గర క్యూలో నిలబడేది. రెండేళ్లుగా టీవీలోనే దణ్ణం పెట్టుకుంటోంది. సెల్‌ఫోన్లో పెట్టి చూపించబోయాను. అంత చిన్న బొమ్మ ఆవిడ కంటికి ఆనదు. ‘పోనీలేరా’ అని అటు తిరిగి పడుకుంది. ఆ రోజుల్లో పాత ట్రాన్సిస్టరు బూజు దులిపి పక్కన పెట్టాను. విజయవాడ రేడియో స్టేషను 1948లో వచ్చింది, అప్పటికి అమ్మ పదకొండేళ్ల పిల్ల. ఆ రేడియోయే ఆవిణ్ణి ఆ పది రోజులూ కాచుకుంది.

అక్టోబరు 3న జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు, చదివి వినిపించారు. విన్నది రాసుకునే మనిషి దొరికేసరికి నాకు సగం భారం దిగింది. 7వ తేదీ మంగళవారం కంపెనీ నుంచి ఇంకొకతను వచ్చాడు. వయసులో కాస్త పెద్దవాడు, నిచ్చెన తెచ్చుకున్నాడు. నేను చెప్పింది విని ‘అయితే ముందు పైకే వెళ్దాం’ అన్నాడు. ట్యాంకు దిమ్మె వెనక, పోయినేడాది బిగించినప్పుడు కేబుల్ పొడుగు చాలక రెండు ముక్కలు కలిపి టేపు చుట్టి వదిలేశారు. ఆ టేపు విప్పితే లోపల నీళ్లు. జాయింటు ఆకుపచ్చగా చిలుం పట్టి ఉంది. నా మీటరు పైకి పంపించాను. ఎల్ఎన్‌బీ తగిలించి ఉండగా 18 ఉండాల్సిన చోట 14కు తక్కువ చూపించిందని పైనుంచి కేకేసి చెప్పాడు. కేబుల్ ఒక్క ముక్కగా మార్చి, కొత్త కనెక్టర్లు బిగించి దిగాడు. అరగంట కూడా పట్టలేదు. ఓటీపీ తనంతట తాను అడగలేదు. ‘మామ్మగారూ, మీ ఛానల్ చూసుకోండి’ అని అమ్మ చేతికి రిమోటు ఇచ్చాడు. అమ్మ చూశాక నేనే చెప్పాను ఓటీపీ. అలాంటి పనివాళ్లు ఆ కంపెనీలోనే ఉన్నారు. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఫిర్యాదు ముగిసిందని వచ్చే ఎస్ఎంఎస్‌లో ‘కాలేదు’ అని జవాబు ఇచ్చే వీలు పెట్టాలి. అలా జవాబిస్తే అదే నంబరు మీద ఫిర్యాదు మళ్లీ తెరుచుకోవాలి. కొత్త నంబరుతో కథ మొదటికి రాకూడదు. టెక్నీషియన్‌కు డబ్బు కస్టమరు ఒప్పుకున్న పనికి ఇవ్వాలి, గడియారం చూసి నొక్కిన మీటకు కాదు. ఫోన్ ఎత్తిన అమ్మాయికి కస్టమరు చెప్పిన రెండు ముక్కలు రాసుకునే చోటు ఇవ్వాలి. కంపెనీలు తమంతట తాము చేయకపోతే ట్రాయ్ వాటిని నిబంధనల్లో చేర్చాలి. ఒక్కొక్కరి ఫిర్యాదులు విడివిడిగా విచారించడం ట్రాయ్ పని కాదన్నారు, సరే. నిబంధన రాయడం దాని పనే కదా.

19 రోజుల చందా వెనక్కి ఇవ్వాలనీ, ‘నిరాకరించారు’ అన్న మాటను రికార్డులోంచి తీసేయాలనీ అక్టోబరు 9న కంపెనీకి ఐదో ఫిర్యాదు ఇచ్చాను. ఆ చందా చిన్న మొత్తమే. కానీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు కాబట్టి, నెలాఖరు దాకా చూసి అక్కడికి వెళ్తాను. తేదీలు, టైములు, ఐదు ఫిర్యాదు నంబర్లు, నాలుగు ఎస్ఎంఎస్‌లు, విప్పి తీసిన ఆ పాత జాయింటు ముక్క నా దగ్గర భద్రంగా ఉన్నాయి. కంపెనీవారు ఎవరైనా మా ఇంటికి వస్తే చూపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ.